చేతి నేర్పును సూదిమొనలో పొదగడం
సూక్ష్మసూదుల రూపకల్పన గురించి ఒక పరిచయం

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ పేరు చెప్పగానే సివిల్స్ పరీక్షలకు సిద్ధమయ్యే వేలాది విద్యార్థులు గుర్తుకు వస్తారు. బత్రా కూడలి నుండి నెహ్రూ విహార్ దాకా గోడలన్నీ కోచింగ్ కేంద్రాల ప్రకటనలతో నిండి ఉంటాయి. ఆ ప్రకటనల నడుమ, సౌందర్యశాలల బోర్డుల మీద కొంతకాలంగా ‘మైక్రోనీడ్లింగ్’ అనే మాట కూడా చోటు చేసుకున్నది. ఈ ప్రాంతంలో నివసించే మా సహోద్యోగుల కుటుంబాలలో దీనిని గురించి రెండు రకాల ప్రశ్నలు వినిపిస్తున్నాయి. ముఖానికి ఇది చేయించుకోవచ్చునా అని పిల్లలు అడుగుతున్నారు. రోజూ ఇన్సులిన్ పొడుచుకునే బాధ దీనివల్ల ఎప్పటికి తప్పుతుందని పెద్దలు అడుగుతున్నారు.

మేము వైద్యులం కాము. కొలతలు, లోహాలు, అచ్చులు, బలాల లెక్కలు మా వృత్తి. అయితే సూక్ష్మసూదుల విషయంలో చివరి మాట వైద్యునిదే అయినా, మొదటి సమస్య మాత్రం ఇంజనీరుదే. కావున ఈ వస్తువు ఏమిటి, ఎందుకు అవసరమైనది, దాని రూపకల్పనలో ఎదురయ్యే చిక్కులేమిటి అన్న విషయాలను పాఠక మిత్రులకు మా పరిభాషలోనే వివరించ ప్రయత్నిస్తాము.

చర్మం అనే కోటగోడ

మన చర్మం పైభాగాన మృతకణాలతో కూడిన ఒక పలుచని పొర ఉన్నది. దాని మందం 10 నుండి 20 మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే, ఈ పొర అందులో మూడో వంతు కూడా లేదన్నమాట. ఇటుకల మధ్య సున్నం మెత్తినట్లు, కణాల మధ్య కొవ్వు పదార్థాలు నిండి ఉండటం వలన నీరు గాని, క్రిములు గాని, మందులు గాని దానిని సులభంగా దాటలేవు. దాని కింద బాహ్యచర్మంలోని సజీవ కణాలు, ఇంకా కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన అంతశ్చర్మం ఉన్నాయి. రక్తనాళాలు, నొప్పిని తెలిపే నాడులు ఎక్కువగా ఈ అంతశ్చర్మంలోనివే.

చర్మానికి అంటించే మందు పట్టీలు మనకు కొత్త కావు. ప్రయాణంలో వాంతులను ఆపే స్కోపోలమైన్ పట్టీకి 1979లో అమెరికాలో అనుమతి లభించింది. తరువాత గుండెనొప్పికి నైట్రోగ్లిసరిన్ పట్టీ, పొగతాగే అలవాటు మాన్పించే నికోటిన్ పట్టీ వచ్చాయి. కాని ఈ మార్గంలో వెళ్లగలిగే మందులు కొన్నే. అణుభారం సుమారు 500 డాల్టన్లు మించిన పదార్థాలను ఈ కోటగోడ సాధారణంగా లోనికి రానివ్వదు. ఇన్సులిన్ అణుభారం దాదాపు 5,800. టీకాలలోని పదార్థాలు అంతకంటె ఎన్నో రెట్లు పెద్దవి. కావున వాటిని సూదితోనే లోపలికి పంపవలసి వస్తున్నది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయాన్ని గమనించాలి. అడ్డుగా ఉన్న గోడ మందం 20 మైక్రాన్లు. దానిని దాటడానికి కండరంలోనికి మనం దించే సూది పొడవు 25 మిల్లీమీటర్లు, అంటే 25,000 మైక్రాన్లు. పెరటి గోడ దాటడానికి కుతుబ్ మీనారంత నిచ్చెన వేసినట్లున్నది. నిచ్చెనను గోడకు తగినట్లు చేసుకోరాదా అన్న ఆలోచనే సూక్ష్మసూదులకు మూలం.

ఈ ఆలోచనకు అమెరికాలో ఆల్జా సంస్థ 1976లోనే పేటెంటు పొందింది. కాని అంత చిన్న సూదులను తయారుచేసే విద్య అప్పటికి లేదు. కంప్యూటర్ చిప్పుల పరిశ్రమ సిలికాన్‌ను మైక్రాన్ల కొలతలో చెక్కడం నేర్చిన తరువాతనే అది సాధ్యపడింది. 1998లో జార్జియా టెక్ సంస్థలో మార్క్ ప్రాస్నిట్జ్, మార్క్ అలెన్‌ల బృందం 150 మైక్రాన్ల ఎత్తున్న 400 సిలికాన్ సూదులను 20 వరుసలుగా పేర్చి, వాటితో మానవ చర్మపు పైపొరను గుచ్చి చూసింది. ఒక రంగు పదార్థం చర్మం గుండా దాటే వేగం వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. ఒక రంగంలో పుట్టిన పనిముట్టు మరొక రంగంలో అక్కరకు రావడం మన ఇంజనీర్లకు ఎరుకైన అనుభవమే.

కుట్టుమిషను సూది నేర్పిన పాఠం

నొప్పి లేకపోవడమే సూక్ష్మసూదుల గొప్పతనమని చాలామంది తలుస్తారు. నొప్పి తగ్గడం నిజమే. కాని అంతకంటె పెద్ద ప్రయోజనం వేరొకటి ఉన్నదని మా అభిప్రాయం. దానిని అర్థం చేసుకోవాలంటే మశూచి నిర్మూలన కథను ఒకసారి తలచుకోవాలి.

మా తరం వారి భుజాల మీద గుండ్రటి పెద్ద మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ రోజులలో పళ్లున్న చిన్న చక్రాన్ని చర్మం మీద అదిమి తిప్పి టీకా వేసేవారు. నొక్కుడు ఎక్కువైతే పుండు పడేది, తక్కువైతే టీకా పట్టేది కాదు. అంతా వేసేవారి చేతివాటాన్ని బట్టి ఉండేది. 1960 దశకంలో అమెరికాకు చెందిన బెంజమిన్ రూబిన్ కుట్టుమిషను సూది కన్నును అరగదీసి, రెండు మొనల చిన్న పంగలకర్ర వంటి సూదిని తయారుచేశాడు. టీకా మందులో ముంచితే ఆ రెండు మొనల మధ్య సరిగ్గా కావలసిన చుక్క మాత్రమే నిలుస్తుంది. చర్మం మీద 15 సార్లు పొడిస్తే చాలు. మందు ఖర్చు సుమారు నాలుగో వంతుకు తగ్గింది. గ్రామంలోని సామాన్య కార్యకర్తకు కూడా కొద్దిసేపటిలో దీనిని నేర్పగలిగారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైంది. 1980లో ప్రపంచం ఈ వ్యాధి నుండి విముక్తి పొందినట్లు ప్రకటించారు.

మన వర్క్‌షాపు భాషలో చెప్పాలంటే ఆ సూది ఒక జిగ్. ఒక ఫలకంలో రంధ్రం సరిగ్గా అనుకున్న చోటనే పడాలంటే రెండు మార్గాలున్నాయి. ఇరవై ఏండ్ల అనుభవమున్న ఫిట్టరును పిలవవచ్చు, లేదా డ్రిల్ జిగ్‌ను తయారుచేసుకోవచ్చు. జిగ్ ఉంటే నిన్న చేరిన అప్రెంటిస్ కూడా అదే రంధ్రాన్ని అదే చోట వేయగలడు. అనుభవజ్ఞుని నేర్పును ఉక్కు ముక్కలో భద్రపరచడమే జిగ్ రహస్యం. సూక్ష్మసూదుల అసలు ఉద్దేశ్యం కూడా ఇదే.

హైదరాబాదు, 2016 జూన్

చర్మంలోనికి టీకా వేయడం వలన కలిగే లాభాన్ని, అందులోని కష్టాన్ని మన తెలుగు నేల దగ్గరగా చూసింది. 2016 ఏప్రిల్ 25న మన దేశం నోటి ద్వారా వేసే పోలియో చుక్కల నుండి రెండవ రకం వైరస్‌ను తొలగించింది. ఆ రకం నుండి పిల్లలకు రక్షణ కల్పించవలసిన ఇంజెక్షన్ టీకాకు అదే సమయంలో ప్రపంచమంతటా కొరత ఏర్పడింది. ఉన్న మందు అందరికీ చాలదు. అప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 8 రాష్ట్రాలలో ఒక ఉపాయాన్ని అమలు చేశారు. కండరంలోనికి 0.5 మి.లీ. ఇచ్చే బదులు, చర్మంలోనికి 0.1 మి.లీ. మాత్రమే ఇచ్చి, 6వ వారంలో ఒకసారి, 14వ వారంలో మరొకసారి వేయడం ఆ పద్ధతి. రెండు విడతలు కలిపినా పాత మోతాదులో సగానికి లోపే.

అంతలోనే హైదరాబాదు మురుగునీటి నమూనాలో టీకా నుండి పుట్టుకువచ్చిన రెండవ రకం పోలియో వైరస్ బయటపడింది. 2016 జూన్ 20 నుండి 26 వరకు ఏడు రోజులలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో 3 లక్షలకు పైగా చిన్నారులకు ఈ చర్మపు మోతాదును వేశారు. అయిదో వంతు మందుతో ఇంత పని జరగడానికి కారణం చర్మపు స్వభావమే. బాహ్యచర్మంలో లాంగర్‌హాన్స్ కణాలనే కాపలాదారులు దట్టంగా ఉంటాయి. పరాయి పదార్థం కనిపించగానే అవి శరీర రక్షణ వ్యవస్థకు సమాచారం అందిస్తాయి. కండరంలో ఇంతటి కాపలా లేదు.

కష్టం ఎక్కడున్నదంటే, చర్మంలోనికి సూది వేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. చర్మాన్ని సాగదీసి పట్టుకుని, సూదిని దాదాపు పడకగా ఉంచి, మొన మాత్రమే పైపొర కిందికి పోయేటట్లు నడపాలి. సరిగ్గా పడితే నారింజ తొక్క వంటి చిన్న బుడిపె లేస్తుంది. ఒక మిల్లీమీటరు లోతుకు పోతే మందు కొవ్వులోనికి జారిపోతుంది, పైకి ఉంటే బయటికి కారిపోతుంది. అదీ కాక, కింద ఉన్నది ఏడుస్తూ కాళ్లు తన్నుకునే ఆరు వారాల పసిబిడ్డ. ఆ వారంలో అంతమంది పిల్లలకు ఈ పని చేసిన నర్సుల నేర్పు అభినందనీయమైనది. కాని అటువంటి చేతులు ప్రతి గూడేనికి, ప్రతి తండాకు దొరకవు.

ముఖర్జీ నగర్‌కు సమీపంలోనే, కింగ్స్‌వే క్యాంపులో, మహర్షి వాల్మీకి సంక్రామక వ్యాధుల ఆసుపత్రి ఉన్నది. కంఠసర్పి, కుక్కకాటు వలన వచ్చే రేబిస్ వంటి వ్యాధుల రోగులను అక్కడికి తీసుకువస్తారు. ఇవి రెండూ టీకాతో నివారించదగిన వ్యాధులే. రేబిస్ టీకాను సైతం చర్మంలోనికి 0.1 మి.లీ. చొప్పున రెండు చోట్ల వేసే పద్ధతికి మన దేశంలో 2006లో అనుమతి లభించింది. మందు ఆదా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది. అక్కడ కూడా అడ్డంకి ఒక్కటే: నేర్పుగల చెయ్యి.

సూదికి ఎంత పొడవు ఉండాలి?

ఇప్పుడు రూపకల్పనకు వద్దాము. సూక్ష్మసూదుల అమరిక అంటే రూపాయి బిళ్లంత పలుచని పలక మీద వంద దాకా అతి చిన్న సూదులను వరుసలుగా నిలబెట్టినది. బొటనవేలితో అదిమితే అవి చర్మపు పైపొరను దాటాలి, లోపలి నాడులను ఎక్కువగా తాకరాదు. ఒక మాటలో ఇదే స్పెసిఫికేషన్.

ముందుగా పొడవు. 20 మైక్రాన్ల గోడకు 50 మైక్రాన్ల సూది చాలునని తోచవచ్చు. కాని చర్మం చెక్క వలె గట్టిది కాదు, మెత్తని రబ్బరు వలె కిందికి వంగుతుంది. సూది చాలా చిన్నదైతే చర్మం దానితోపాటు గుంటపడి ఊరుకుంటుంది, తెగదు. అందువలన 500 నుండి 800 మైక్రాన్ల సూదులు వాడటం సాధారణం. వాటిలో కొంత భాగమే నిజంగా లోపలికి పోతుంది. మరీ పొడవు చేస్తే నొప్పి వస్తుంది. 2008లో జార్జియా టెక్ బృందం ప్రచురించిన ప్రయోగంలో సూది పొడవు మూడు రెట్లు పెరిగినప్పుడు నొప్పి ఏడు రెట్లు పెరిగింది. సూదుల సంఖ్య పది రెట్లు పెరిగినప్పుడు మాత్రం నొప్పి రెండు రెట్లకు కొంచెం మించి పెరిగింది. అనగా మందు ఎక్కువ కావాలంటే సూదిని పొడిగించడం కంటె సూదులను పెంచడం మేలు.

అయితే సూదులను ఇష్టం వచ్చినట్లు పెంచలేము. మేకుల పరుపు మీద పడుకునే సాధువును తలచుకోండి. మేకులు దట్టంగా ఉంటే బరువు అన్నింటి మీదా పంచుకోబడి ఏ ఒక్కటీ గుచ్చుకోదు. సూక్ష్మసూదులకూ ఇదే వర్తిస్తుంది. ఒక్కొక్క సూది చర్మంలో దిగడానికి 0.1 న్యూటన్ బలం కావాలనుకుందాము. 100 సూదులకు 10 న్యూటన్లు, అంటే సుమారు ఒక కిలో బరువు. బొటనవేలితో మనిషి 20 న్యూటన్ల దాకా తేలికగా నొక్కగలడు కాబట్టి ఇబ్బంది లేదు. 1,000 సూదులైతే 100 న్యూటన్లు కావాలి. అది బొటనవేలి వల్ల అయ్యే పని కాదు.

తరువాత మొన. దిగడానికి కావలసిన బలం మొన వైశాల్యాన్ని అనుసరించి పెరుగుతుందని 2004లో ప్రచురితమైన కొలతలు తెలిపాయి. మొన వ్యాసార్థం రెట్టింపయితే వైశాల్యం నాలుగు రెట్లు, కావలసిన బలమూ అంతే. కాబట్టి మొన వాడిగా ఉండాలి. వాడిగా చేయబోతే సన్నబడి విరుగుతుంది. సన్నని నిలువు స్తంభం వంగిపోయే బలాన్ని లెక్కించే ఆయిలర్ సూత్రం మన ఇంజనీర్లకు గుర్తుండే ఉంటుంది. పొడవు రెట్టింపయితే స్తంభం ఓర్వగల బలం నాలుగో వంతుకు పడిపోతుంది, వ్యాసం రెట్టింపయితే 16 రెట్లు పెరుగుతుంది. అందుకే ఈ సూదులను పైన సన్నగా, అడుగున లావుగా, గోపురం వలె మలుస్తారు. విరిగే బలాన్ని దిగే బలంతో భాగిస్తే వచ్చేది మన వాడుకలోని భద్రతా గుణకమే. వంతెనకైనా, వెంట్రుకంత సూదికైనా సూత్రం మారదు.

పంచదార చిలకల అచ్చు

దేనితో చేయాలన్నది తరువాతి ప్రశ్న. సిలికాన్ గట్టిది గాని పెళుసు. విరిగి చర్మంలో ఉండిపోతే ఏమగునన్న సందేహం ఉన్నది. ఉక్కు బలమైనది, మందును దానిపై పూతగా పూయవచ్చు, కాని వాడిన తరువాత అది పదునైన వ్యర్థంగా మిగులుతుంది. సన్నని గొట్టాల వంటి బోలు సూదులు కూడా ఉన్నాయి. వాటితో ద్రవాన్ని పంపవచ్చు, కాని అవి మూసుకుపోయే ప్రమాదం ఉన్నది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు గాజు వంటి కార్బన్‌తో దృఢమైన సూక్ష్మసూదులను, వాటికి తగిన సూక్ష్మపంపును రూపొందించినట్లు 2021లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ప్రకటించింది. హైదరాబాదులోని బిట్స్ పిలానీ ప్రాంగణపు ఔషధశాస్త్ర విభాగం నుండి కూడా సూక్ష్మసూదుల రకాలను, వాటి ద్వారా మందు చర్మాన్ని దాటే తీరును పోల్చిచూసిన పరిశోధనలు వెలువడ్డాయి.

టీకాలకు అన్నింటికంటె ఆశాజనకమైనవి కరిగిపోయే సూదులు. చక్కెర జాతి పదార్థాలు, నీటిలో కరిగే పాలిమర్లు మందుతో కలిపి సూదులుగా పోతపోస్తారు. చర్మంలో దిగిన కొద్ది నిమిషాలలో లోపలి తేమకు కరిగి, మందును వదిలి మాయమవుతాయి. వీటి తయారీ మన ఇళ్లలో సంక్రాంతికి, పెండ్లిళ్లకు పంచదార చిలకలు పోసే పద్ధతికి దూరమైనది కాదు. మొదట లోహంలోనో సిలికాన్‌లోనో అసలు ప్రతిని చెక్కుతారు. దానిపై సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీస్తారు. అచ్చులో మందు కలిపిన చిక్కని ద్రావణాన్ని పోస్తారు. మొనల దాకా పోకుండా గాలి బుడగలు అడ్డుపడతాయి కాబట్టి, గాలిని పీల్చివేసి గాని, గిర్రున తిప్పి గాని ద్రావణాన్ని కిందికి దింపుతారు. ఆరిన తరువాత అచ్చు నుండి ఊడదీస్తారు. ఏటవాలు లేకపోతే ఊడదీసేటప్పుడు మొన అచ్చులోనే ఉండిపోతుంది. ఫౌండ్రీలో ప్యాటర్నుకు వాలు ఇవ్వడం ఎందుకో తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

పంచదార చిలకలకు ఉన్న బలహీనతే వీటికీ ఉన్నది. అది చెమ్మ. ఢిల్లీ ఆషాఢ, శ్రావణ మాసాల ఉక్కలో విప్పిపెట్టిన బిస్కెట్టు గంటలో మెత్తబడుతుంది. సూదిమొన మెత్తబడితే చర్మంలో దిగదు. కావున తేమను పీల్చే పదార్థంతో సహా గట్టిగా సీలు వేసిన ప్యాకింగు కావాలి. సూది ఖర్చు మాత్రమే చూసి ప్యాకింగు ఖర్చును మరచే డిజైనరు మధ్యలోనే ఆగిపోతాడు.

ఒక చిన్న లెక్క

ఇన్సులిన్ విషయమై అడిగిన మిత్రులకు ఇక్కడ ఒక లెక్క చూపుతాము. 0.7 మి.మీ. ఎత్తు, అడుగున 0.2 మి.మీ. వ్యాసం గల శంఖాకారపు సూది ఘనపరిమాణం 0.0073 ఘన మిల్లీమీటర్లు. వంద సూదులు కలిపితే 0.73 ఘన మిల్లీమీటర్లు. బరువు సుమారు ఒక మిల్లీగ్రాము. అందులో సూదికి బలాన్నిచ్చే పదార్థం పోగా మందుకు మిగిలేది కొంత భాగమే. జ్వరానికి వేసుకునే మాత్రలో 500 మి.గ్రా. పారాసిటమాల్ ఉంటుంది. దానిని ఈ మార్గంలో పంపాలంటే అయిదు వందలకు పైగా పట్టీలు అంటించుకోవాలి.

ఒక యూనిట్ ఇన్సులిన్ బరువు సుమారు 0.035 మి.గ్రా. పూటకు 20 యూనిట్లు తీసుకునే వ్యక్తికి 0.7 మి.గ్రా. కావాలి. అంటే సూదులను దాదాపు పూర్తిగా ఇన్సులిన్‌తోనే పోయవలసి వస్తుంది. అంతేకాక, ఇన్సులిన్ మోతాదు రోజురోజుకూ మారుతుంది. కొన్ని సూదులు దిగక తక్కువ మోతాదు చేరినా ప్రమాదమే. కాబట్టి మధుమేహమున్న మిత్రులు పట్టీ వస్తుందని ఎదురుచూస్తూ ఇప్పటి మందును వాయిదా వేయరాదు. వారికి కలిగిన మేలు వేరే ఉన్నది. గాజు సిరంజీలను మరిగించి వాడిన రోజుల నుండి, నేడు పెన్నుకు తగిలించే 4 మి.మీ. సూదుల దాకా వచ్చాము. సూది చిన్నది చేయాలన్న ఇంజనీరింగ్ ఆలోచన ఇప్పటికే వారి ఇంట ఫలించింది.

ఒక విన్నపం. వాడిన సూదులను చెత్తబుట్టలో వదులుగా వేయవద్దు. మూత బిగించిన గట్టి డబ్బాలో ఉంచి, వైద్య వ్యర్థాలను స్వీకరించే ఆసుపత్రిలో గాని, కేంద్రంలో గాని అప్పగించాలి. ఉత్తర ఢిల్లీ చెత్త భల్‌స్వా గుట్టకు చేరుతుంది. అక్కడ వట్టి చేతులతో ఏరుకునే వారిలో పసిపిల్లలు కూడా ఉండవచ్చునని మరువరాదు.

టీకాల లెక్క ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఫ్లూ టీకాలో ఒక్కొక్క రకానికి 15 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో 66వ వంతు చాలు. తట్టు టీకాలో ఉండే బలహీనపరచిన వైరస్ బరువు లెక్కకు రానంత తక్కువ. చిన్న మోతాదు, జీవితంలో ఒకటి రెండు సార్లు, కోట్లాది చేతులకు. సూక్ష్మసూదులకు ఇంతకంటె తగిన పని లేదు.

అట్లాంటా నుండి గాంబియా దాకా

2017లో లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష ఫలితం వెలువడింది. అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో 100 మంది పెద్దలపై కరిగే సూదుల ఫ్లూ పట్టీని పరీక్షించారు. పట్టీని తమంతట తామే అంటించుకున్నవారిలోను, నర్సు అంటించినవారిలోను రోగనిరోధక శక్తి ఒకే తీరుగా కలిగింది. మా దృష్టిలో ఆ పరీక్షలోని ముఖ్యమైన వాక్యం ఇదే. జిగ్ పనిచేసింది.

2024లో అదే పత్రిక పశ్చిమాఫ్రికాలోని గాంబియా దేశపు ఫలితాన్ని ప్రకటించింది. 45 మంది పెద్దలు, 120 మంది నడిచే వయసు పిల్లలు, 120 మంది శిశువులు ఆ పరీక్షలో పాల్గొన్నారు. తట్టు, రుబెల్లా టీకాను పట్టీ ద్వారా ఇచ్చారు. ఒక్క మోతాదుతో 90 శాతానికి పైగా శిశువులకు తట్టు నుండి, అందరికీ రుబెల్లా నుండి రక్షణ ఏర్పడింది. ఇంజెక్షన్ ఫలితానికి ఇది తీసిపోలేదు. ఆ పట్టీలోని టీకా పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైనదని తెలిసి మనం సంతోషించవచ్చు.

ఈ ఫలితం మన పల్లెలకు ఎందుకు ముఖ్యమో చెప్పవలసి ఉన్నది. తట్టు టీకా పొడి రూపంలో అనేక మోతాదుల సీసాలో వస్తుంది. నీటితో కలిపిన తరువాత 4 గంటలలో వాడివేయాలి, మిగిలితే పారవేయాలి. కొండ మీది గూడేనికి వెళ్లిన ఆరోగ్య కార్యకర్త ముందు ఒక్క బిడ్డే ఉంటే సీసా విప్పడమా, మరో నలుగురు వచ్చేదాకా ఆగడమా అన్న సంకటం ఏర్పడుతుంది. ఆగితే ఆ తల్లి కూలి పని విడిచి మళ్లీ రాకపోవచ్చు. పట్టీ అయితే ఒక బిడ్డకు ఒక పట్టీ. కలపనక్కరలేదు, కొలవనక్కరలేదు, సూది వ్యర్థం మిగలదు. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జరిగిన తట్టు–రుబెల్లా టీకా ఉద్యమంలో పాల్గొన్నవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, గావి తదితర సంస్థలు 2020లో టీకా రంగపు నూతన ఆవిష్కరణలలో ఈ పట్టీలకే అగ్రస్థానం ఇవ్వడానికి ఇది ఒక కారణం.

అయినా తొందర పనికిరాదు. వందల మందిపై నిరూపితమైనది లక్షల మందిపై నిరూపితం కావాలి. ప్రతి పట్టీలోను ప్రతి సూదీ ఒకే తీరుగా ఉండేటట్లు రోజుకు లక్షల సంఖ్యలో తయారుచేయడం మరొక పరీక్ష. పార్శ్వపు నొప్పికి రూపొందిన ఒక సూక్ష్మసూదుల పట్టీకి 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. రోగుల శరీరంలోనికి చేరిన మందు పరిమాణం పరీక్షల మధ్య ఒకే విధంగా లేదన్నది పేర్కొన్న కారణాలలో ఒకటి. ప్రయోగశాలలో ఒకటి చేయడం పరిశోధన, కర్మాగారంలో అన్నీ ఒకే తీరుగా చేయడం ఇంజనీరింగ్. నాణ్యత వలయాలలో కూర్చున్న మన కార్మిక సోదరులకు ఈ భేదం బాగా తెలుసు.

బోర్డుల మీది మాట

ఇక పిల్లల ప్రశ్న. సౌందర్యశాలలలో ముఖంపై దొర్లించే ముళ్ల రోలరుకు, మేము పైన వివరించిన పట్టీకి పేరులో తప్ప పోలిక తక్కువ. మచ్చల చికిత్సకు చర్మవైద్యులు వాడే రోలరు సూదులు మిల్లీమీటరు, అంతకు మించిన పొడవు కలిగి, అంతశ్చర్మం దాకా పోయి, రక్తపు చుక్కలు కనిపించేటంత గాయం చేస్తాయి. ఆ గాయం మానేటప్పుడు కొత్త కణజాలం ఏర్పడటమే అక్కడి చికిత్స. అర్హత గల వైద్యుడు శుభ్రమైన పరికరంతో చేసినప్పుడు దానికి ప్రయోజనం ఉన్నది. కాని కోటగోడకు వందల రంధ్రాలు పడినప్పుడు మేలు చేసేదే కాక, కీడు చేసేదీ లోపలికి పోగలదు. ముఖానికి రాసుకునే సీరంలను ఇలా గుచ్చిన చర్మంపై వాడటం వలన ముగ్గురు స్త్రీల ముఖాలపై గడ్డలు ఏర్పడినట్లు 2014లో ఒక అమెరికన్ చర్మవైద్య పత్రిక ప్రచురించింది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో అనుమతి లేని ఒక కేంద్రంలో రక్తంతో కలిపి చేసిన ఇటువంటి ముఖచికిత్స వలన కొందరికి హెచ్‌ఐవీ సోకినట్లు ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2024లో తెలియజేసింది.

కావున మన ఇంటి ఆడపిల్లలకు, ఇంటర్వ్యూకు ముందు ముఖం నిగారించాలని ఆరాటపడే విద్యార్థులకు మేము చెప్పేది ఇంతే. చేసేవారు వైద్యులా అని అడగండి. సూదులు మీ ఎదుటనే కొత్త ప్యాకెట్టు నుండి తీశారా అని చూడండి. పైన రాసేది గుచ్చిన చర్మానికి ఉద్దేశించినదేనా అని తెలుసుకోండి. ఈ మూడింటికి సరైన సమాధానం రాకపోతే లేచి రండి. ఒకరి రోలరును మరొకరు వాడటం, స్నేహితుల మధ్యనైనా, ఎంతమాత్రం తగదు.

ఒక పరికరం మంచిదా చెడ్డదా అన్నది దాని మొన వాడిని బట్టి కాక, అందులో ఎవరి నేర్పు, ఎంత జాగ్రత్త నిక్షిప్తమై ఉన్నదన్న దానిని బట్టి తేలుతుంది. హైదరాబాదు బస్తీలలో ఏడు రోజులు తిరిగిన ఆ నర్సుల చేతి నేర్పు, అచ్చులో పోసిన వంద సూదులలోనికి చేరిన నాడు, దారి లేని తండాలోని బిడ్డకు కూడా పట్నపు బిడ్డతో సమానమైన రక్షణ అందుతుంది. అది సార్వత్రిక టీకా కార్యక్రమంలో భాగమయ్యే దాకా నేటి సూదే మనకు రక్ష. మన కాలనీలలోని పిల్లల టీకా కార్డులను ఒకసారి తీసి చూసి, తప్పిపోయిన మోతాదు ఏదైనా ఉంటే ఈ వారమే వేయించవలసినదిగా ఉద్యోగుల కుటుంబాలను కోరుతున్నాము.